కల్లం మీద పరుగు

మా ఆయనకి కాలు నొప్పి అని నాకంటే ముందు కుక్కకి తెలిసింది. ఈ మాట పైకి చెప్పాలంటే నాకు నామోషీగానే ఉంటుంది. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని నేను, అది నిన్న గాక మొన్న వచ్చిన కుక్క. అయినా జరిగింది అదే కాబట్టి జరిగినట్టే చెబుతాను. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను.

నా పేరు వెంకటరావమ్మ. మార్టూరు పక్కన చిన్న పల్లె మాది. మిరప, పత్తి వేస్తాం. పొలం పని నాది. మా ఆయన వీరబాబు మార్టూరులో గ్రానైటు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో కాపలా మనిషి. ఆ ఫ్యాక్టరీ చూసుకునే చైతన్యకృష్ణ గారు బెంగుళూరులో చదువుకొచ్చిన కుర్రాడు. రెండు వేల నాలుగులో కాపలాకని ఒక అల్సేషియన్ పిల్లని తెచ్చి మా ఆయన చేతుల్లో పెట్టాడు. డైసీ అని పేరు కూడా ఆయనే పెట్టాడు. పాలు పట్టింది, గోమార్లు ఏరింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అంతా మా ఆయనే. అది పెద్దదయ్యాక నేను అన్నం పెట్టినా సరే, ఈయన వైపు చూసి, ఈయన తినమంటేనే మూతి పెట్టేది. నాకు ఒళ్ళు మండేది.

డైసీకి చురుకెక్కువ. ఫ్యాక్టరీలో రాతి పలకల మీద నుంచి పలకల మీదకి ఎగిరేది. అది చూసిన చైతన్యకృష్ణ గారు కంప్యూటర్లోంచి బొమ్మలు తీసి మా ఆయనకిచ్చాడు. కుక్కలకి ఎజిలిటీ అని ఒక పోటీ ఉందట. అడ్డకర్రల మీద నుంచి దూకాలి, గొట్టంలోంచి దూరాలి, పాతిన గెడల మధ్య వంకరటింకరగా పరిగెత్తాలి, వాలు పలక ఎక్కి దిగాలి. పక్కన మనిషి పరిగెడుతూ దారి చూపించాలి, కుక్కని ముట్టుకోకూడదు. దిక్కుమాలిన ఆట, పనీపాటా లేనివాళ్ళు కనిపెట్టారు అన్నాను నేను. మా ఆయన మాత్రం ఆ బొమ్మలు దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

మరుసటి ఏడు ఒంగోలు మనిషి మీరా హుస్సేన్ గారని, హైదరాబాదులో కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చే ఆయన, ఫ్యాక్టరీకి వచ్చి డైసీని చూశాడు. చూసి వదల్లేకపోయాడు. "ఇలాంటిది లక్షల్లో ఒకటి. నాకివ్వండి, పెద్ద పోటీలకి తీసుకెళతాను," అన్నాడు. చైతన్యకృష్ణ గారు దానికొక షరతు పెట్టాడు. "డిసెంబరులో గుంటూరులో పోటీ ఉంది కదా. వీరబాబు దాన్ని అక్కడ గెలిపిస్తే ఇక్కడే ఉంటుంది. లేకపోతే మీరు తీసుకెళ్ళండి. దాని తెలివి ఈ కంకర మధ్య పాడవకూడదు," అన్నాడు.

అందులో అన్యాయం ఏముంది, కుక్క ఆయనది. కానీ ఆ రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి కలిపి లేచిపోయాడు. మాకు పిల్లలు లేరు. ఈ సంగతి నేను ఎవరి దగ్గరా ఎత్తను, ఇప్పుడు కూడా ఎత్తేదాన్ని కాదు. ఆ కుక్క ఆయనకేమిటో తెలియాలంటే చెప్పక తప్పదు.

ఫ్యాక్టరీలో ఎక్కడ చూసినా రాతి చెక్కలే, కాళ్ళు కోసుకుపోతాయి. అందుకని పోటీకి తయారవటం మా కల్లం మీద పెట్టుకున్నాడు. మిరపకాయలు ఎండబోసే కల్లం అది, ఇంటి పక్కనే. పంట అయిపోయాక సంక్రాంతి దాటేదాకా ఖాళీగానే ఉంటుంది. మా కల్లం గురించి ఊళ్ళో ఎవరినైనా అడగండి. నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, రాతి రోలరు దొర్లించి, పైన పేడనీళ్ళతో అలికితే, పోసిన కాయ పోసినట్టు శుభ్రంగా ఎత్తుకోవచ్చు. ఒక్క గింజ మన్ను అంటదు. ఆ పని నేను ఎవరికీ అప్పగించను.

దసరా ముందు నుంచి మొదలుపెట్టారు. బొంగులతో అడ్డకర్రలు, యూరియా సంచులు కుట్టి గొట్టం, ఫ్యాక్టరీలో మూలన పడేసిన పలకతో వాలు. మా ఆయన లుంగీ ఎగ్గట్టి, ఉత్త కాళ్ళతో దాని పక్కన పరుగు. నాలుగు పదులు దాటిన మనిషి, పొట్ట కూడా వచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవాళ్ళు. నేను వాళ్ళని తిట్టేదాన్ని, వాళ్ళు పోయాక ఈయన్ని తిట్టేదాన్ని.

వాన పడ్డప్పుడల్లా కల్లం మెత్తబడేది. ఒకరోజు ఈయన పరిగెడుతూ మొహం అదోలా పెట్టాడు. ఏమైందంటే, కాలు కాస్త మడతపడింది అన్నాడు. గుంటలు పడ్డాయి కాబోలు అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే దిమ్మిస తీసుకుని కల్లం అంతా మళ్ళీ కొట్టాను. అలికాను. మళ్ళీ మొహం చిట్లిస్తే మళ్ళీ కొట్టాను. చివరికి ఆ కల్లం మీద అణా పైసా పడితే ఖంగుమనేది. నా మొగుడు కాలు తడబడకుండా పరిగెత్తాలని నేను అంత కష్టపడ్డాను.

ఇంతలో డైసీ మందగించింది. మొదట్లో బాణంలా పోయేది కాస్తా, ఒక కర్ర దూకటం, ఆగటం, వెనక్కి తిరిగి చూడటం. మళ్ళీ ఇంకో కర్ర, మళ్ళీ ఆగటం. కొన్నాళ్ళకి గొట్టంలో దూరి అవతల తల మాత్రం బయటపెట్టి నిలబడేది. పెళ్ళివారి ఊరేగింపులో నడిచినట్టు నడిచేది. నాకు కోపం నెత్తికెక్కింది. తిండి దండగ, రేపు గుంటూరులో మన పరువు తీస్తుంది అన్నాను. బలం చాలటం లేదేమోనని గుడ్లు కూడా పెట్టాను. పెట్టినవన్నీ తిన్నది, పరుగు మాత్రం పెరగలేదు.

మా ఆయన దాన్ని ఒక్క మాట అనలేదు. అది చూసైనా నాకు అనుమానం రావలసింది, రాలేదు.

ఒక సాయంత్రం ఈయన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. డైసీ వచ్చి, మోకాలి కింద ముందు ఎముక ఉంటుందే, సరిగ్గా దాని పక్కన ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత ఆ చోటు తగలకుండా ఇవతలగా గడ్డం ఆనించి పడుకుంది. ఈయన రెండో కాలు చాపితే లేచి, ఆ కాలినీ అలాగే చూసి, అలాగే పడుకుంది. నా చేతిలో చేట పక్కన పెట్టి వెళ్ళి, అది ముక్కు పెట్టిన చోట నేను బొటనవేలితో నొక్కాను. నా మొగుడు అరిచిన అరుపుకి పక్కింటి గేదె తాడు తెంపుకుంది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"కార్తీకం ముందు నుంచే. మొదట్లో కాసేపు పరిగెడితే సర్దుకునేది. ఇప్పుడు నడిచినా పీకుతోంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆపమంటావు. ఆపితే దాన్ని తీసుకెళతారు."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ ఆ కుక్క ఆగింది బలం లేక కాదు. ఈయన అడుగు నేల మీద పడ్డప్పుడల్లా ఆ నొప్పి ఎంతో దానికి తెలుస్తోంది, ఈయన అందుకునేదాకా ఆగుతోంది. తిడుతున్నా ఆగుతోంది. ఆ మూగదాని మొహంలోకి చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. గుళ్ళో హారతి కళ్ళకద్దుకునేటప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మర్నాడు చిలకలూరిపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన రెండు కాళ్ళూ నొక్కి, ఫోటో తీయించి, "ఎక్కడ పరిగెడతావయ్యా?" అని అడిగాడు.

"మా కల్లం మీదండి," అని నేనే గొప్పగా చెప్పాను. "గుంట అనేది లేకుండా చేశానండి. సిమెంటు కూడా దాని ముందు పనికిరాదు."

డాక్టరు పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు. "ఆ నొప్పి అక్కడి నుంచే వచ్చిందమ్మా. గట్టి నేల మీద, చెప్పుల్లేకుండా, అలవాటు లేని పరుగు. అడుగు పడ్డప్పుడల్లా ఆ దెబ్బ ఎముక మీదే. ఇంకా పరిగెడితే ఎముక చీలుతుంది. కొన్ని వారాలు పరుగు మాట ఎత్తద్దు. ఐసు పెట్టుకో, మెత్తటి బూట్లు కొనుక్కో."

"మూడు వారాల్లో పోటీ ఉందండి," అన్నాడు మా ఆయన.

"అయితే కుక్కనొక్కదాన్నే పంపించు," అన్నాడు డాక్టరు నవ్వుతూ. ఆయన హాస్యానికే అన్నాడు.

బస్సులో దారి పొడుగునా నా అరచేతులే చూసుకున్నాను. నా చేతులతో నేనే కొట్టాను ఆ నేలని. మా ఆయన కాలు నొచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా కొట్టాను. ఇంటికి రాగానే కొంగు బిగించి గునపం తీశాను. కల్లం ఒక మూల నుంచి తవ్వటం మొదలుపెట్టాను. పెచ్చులు పెచ్చులుగా లేచింది. గునపంతో ఎంత పని అవుతుంది, ట్రాక్టరు పిలిపించి కల్లం అంతా దున్నించాను. పక్కింటి హనుమాయమ్మ వచ్చి, "ఏమే, మతి గాని పోయిందా? రేపు కాయలు ఎక్కడ పోస్తావు?" అంది. "నీ నెత్తి మీద పోస్తాను," అన్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది, అది కనపడకూడదని అలా అన్నాను.

మెత్తబడ్డ మట్టి మీద మళ్ళీ కర్రలు పాతాం. నడుమ నులక మంచం వేసి, మా ఆయన్ని కూర్చోబెట్టి, కాళ్ళ మీద ఐసు గుడ్డ వేశాను. ఇక ఆయన చెయ్యి, గొంతు, అంతే. మొదటి రోజు డైసీ కదల్లేదు. మంచం పక్కనే కూర్చుంది. పో అంటే రెండడుగులు వేసి తిరిగొచ్చేది. మనిషిని వదిలి పరిగెత్తటం దానికి తప్పులా తోచింది కాబోలు. ఈయన విసుక్కోలేదు. దగ్గర కర్ర వైపు చెయ్యి చాపి చూపించాడు, దూకితే పిలిచి మెచ్చుకున్నాడు. తర్వాత దాని అవతలి కర్ర. కొన్నాళ్ళకి కుడి భుజం కాస్త వాలిస్తే కుడికి, ఎడమ భుజం వాలిస్తే ఎడమకి. నేను పత్తి తీసి వచ్చేసరికి, మంచం చుట్టూ దుమ్ము లేస్తూ అది తిరుగుతుండేది. ఈయన కాలు కదలకపోతే దానికి నొప్పి కనపడదు. నొప్పి కనపడకపోతే దాని పరుగుకి అడ్డే లేదు.

గుంటూరులో ఒక కాలేజీ గ్రౌండులో పోటీ పెట్టారు. కార్లలో వచ్చిన కుక్కలు, ట్రాక్ సూట్లు వేసుకున్న మనుషులు. ఒక్కొక్కరు కుక్క పక్కన లేడిపిల్లల్లా పరిగెడుతున్నారు. మా ఆయన కొత్త కాన్వాస్ బూట్లలో, ఇస్త్రీ ప్యాంటులో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. పేరు పిలిచారు. డైసీని గీత దగ్గర కూర్చోబెట్టి, ఈయన మెల్లగా నడుచుకుంటూ గ్రౌండు నడిమికి పోయి నిలబడ్డాడు. అక్కడి నుంచి ఇంక కదల్లేదు. వెనక ఎవరో, "ఈయన పరిగెత్తడా?" అన్నారు. ఇంకెవరో నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ నవ్వు ఆగింది.

ఈయన చెయ్యి ఎత్తాడు.

చూడటం నాకు చేతనయింది గాని చెప్పటం చేతకాదు. ఆ కుక్క నేల మీద ఉన్నట్టే లేదు. ఒక కర్ర దాటుతుండగానే దాని చెవి ఈయన వైపు తిరిగేది, ఈయన భుజం కాస్త కదిలితే అది గాల్లోనే ఒళ్ళు తిప్పుకుని రెండో కర్ర మీదికి పోయేది. గొట్టంలో దూరి ఇటు నుంచి మాయమై అటు నుంచి వచ్చేది. గెడల మధ్య నల్లటి వీపు తళతళా అల్లుకుపోయింది. అంత దూరంలో నిలబడ్డ మనిషి మనసులో మాట దానికెలా అందుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. ఊపిరి తీసుకుంటే దానికి అడ్డమొస్తుందేమో అన్నట్టు నేను ఊపిరి బిగబట్టాను. అక్కడ ఉన్నది నా మొగుడు, రోజూ నా చేత తిట్లు తినే మనిషి. ఆయన నిలబడి చెయ్యి కదిపితే ఇంత జరుగుతోందా అనుకున్నాను.

ఆఖరి కర్ర మీద వెనక కాలు తగిలింది. కర్ర కింద పడింది.

అందరికంటే తొందరగా వచ్చింది డైసీయే. కానీ కర్ర పడితే లెక్క తగ్గిస్తారట. ప్రైజు రాలేదు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు, మా ఆయనకి ఏదీ వినపడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ పట్టుకున్నాడు.

చైతన్యకృష్ణ గారు దగ్గరికొచ్చి ఇబ్బందిగా నిలబడ్డాడు. మీరా హుస్సేన్ గారు కూడా వచ్చాడు. ఆయన మొహంలో ఎగతాళి లేదు, ఆశ మాత్రం ఉంది. "మనిషి నిలబడి ఉంటేనే ఇంత చేసింది. పక్కన నేను పరిగెడితే ఇంకెంత చేస్తుందో. అనుమతిస్తే ఒకసారి నడిపి చూస్తాను," అన్నాడు.

మా ఆయన లేచి ఆయనకి అన్నీ చెప్పాడు. ఏ మాటకి ఎటు పోతుందో, భుజం ఎలా వాల్చాలో, ఒక్కటి దాచుకోలేదు. చేతులారా సాగనంపుతున్నాడు. ఆయన నోరు మూసేయాలన్నంత కోపం వచ్చింది నాకు. తర్వాత డైసీ తల నిమిరి, "వెళ్ళమ్మా," అన్నాడు. అది వెళ్ళింది.

మీరా హుస్సేన్ గారు మంచి పరుగు మనిషి. గీత దగ్గర నుంచి ఇద్దరూ కలిసి బయలుదేరారు. డైసీ మొదటి కర్ర దూకింది. దూకి ఆగింది. వెనక్కి తిరిగి ఆయన కాళ్ళ వైపు చూసింది. ఆయన వచ్చి కలిశాక రెండో కర్ర దూకి, మళ్ళీ ఆగింది. ఆయన ఇంకా జోరు పెంచాడు, కేక వేశాడు. గొట్టంలో దూరి, అవతల తల మాత్రం బయటపెట్టి, ఆయన వచ్చేదాకా నిలబడింది.

"అలిసిపోయిందా?" అన్నాడు చైతన్యకృష్ణ గారు.

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆయన చెప్పడని నాకు తెలుసు. నేనే చెప్పాను. "అలుపు కాదు బాబూ. ఈయన మోకాళ్ళ కింద ఎముకలు పాడైపోయి వారాల తరబడి నొప్పితోనే పరిగెత్తాడు. పక్కన పరిగెత్తే మనిషికి నొప్పి ఉంటుందని దానికి తెలిసింది. ఆగాలని కూడా అదే అనుకుంది. మాకెవరికీ తెలియకముందే ఆగటం మొదలుపెట్టింది. ఇప్పుడు మీరా హుస్సేన్ గారికి కూడా నొప్పేమోనని ఆగుతోంది."

నా మాట మీరా హుస్సేన్ గారికి వినపడింది. పరుగు ఆపేశాడు. ఒగరుస్తూ గడ్డి మీద గొంతుక్కూర్చున్నాడు. డైసీ తిరిగొచ్చి, ఆయన మోకాలి కింద ఎముక పక్కన ముక్కు పెట్టి వాసన చూసింది. ఆ పక్కన, ఈ పక్కన, ఓపిగ్గా చూసింది. ఆయన కళ్ళు నిండిపోయాయి. అంతమందిలో ఆ మనిషి తుడుచుకోను కూడా తుడుచుకోలేదు.

"చాలా కుక్కలకి పరుగు నేర్పాను నేను," అన్నాడు లేచి వచ్చి. "మనిషి కోసం ఆగటం ఎవరూ నేర్పరు సార్. దీన్ని నేను తీసుకెళితే ముందు ఆ ఆగటం మరిచిపోయేలా చెయ్యాలి. ఆ పని నా చేత కాదు. వీరబాబు దగ్గరే ఉండనివ్వండి."

చైతన్యకృష్ణ గారు డైసీ గొలుసు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు.

మమ్మల్ని తెచ్చిన ఫ్యాక్టరీ వ్యాను గేటు అవతల ఆగి ఉంది. నాకు ముందు నడవటం అలవాటు. సంతకైనా, పొలానికైనా, పెళ్ళికైనా నేను ముందు, ఆయన వెనక. వెనక్కి తిరిగి రావేం అని అరవటమే గాని, ఎందుకు వెనకబడ్డావని ఎన్నడూ అడగలేదు. ఆ రోజు కూడా సంచి చంకన పెట్టుకుని సగం దూరం పోయాను. వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఆయన ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నాడు. డైసీ నాలుగడుగులు వేసి నిలబడుతోంది, ఆయన రాగానే మళ్ళీ నాలుగడుగులు. సంచి కింద పెట్టి, వాళ్ళిద్దరూ వచ్చేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.